కాగితంలో లేని గడి

మరిత్సా నది ఒడ్డున మా ఊరు.
ఆగస్టు మూడో ఆదివారం
బడి ఆవరణలో టమాటాల తూకం.
తూచేవాణ్ణి నేను.
ఇరవై రెండేళ్లు పోస్టాఫీసులో పార్సెళ్లు తూచాను కదా,
ముల్లు నా మాట వింటుందని వీళ్ల నమ్మకం.

కాగితంలో నాలుగు గడులు:
పేరు, రకం, చుట్టుకొలత, బరువు.
అయిదోది లేదు.
కోసే పని నాది కాదు.

ఈసారి వెలిచ్కో వచ్చాడు,
ట్రాక్టర్లు బాగుచేసేవాడు.
గోళ్లలో గ్రీజు, చేతుల్లో దిండు,
దిండు మీద
పసిబిడ్డ తలంత గులాబిరంగు పండు.
భుజాల దగ్గర ఇంకా పచ్చిదనం,
నడుము చుట్టూ మడతలు,
అడుగున
కుట్లు విప్పిన గాయంలాంటి మచ్చ.
అందంగా ఉందని ఎవరూ అనలేదు.
అబ్బో అని మాత్రం అందరూ అన్నారు.

ఎలా పెంచావయ్యా అంటే
దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు.
జూన్‌లో నాలుగు పూలు అతుక్కుని
ఒకే పువ్వుగా పూశాయట.
దాన్నొక్కదాన్నే ఉంచి
మిగతావన్నీ గోటితో గిల్లేశాడట.
"రోజూ పొద్దున్నే గిల్లేవాణ్ణి.
చెట్టు మళ్లీ పూసేది.
దానికి కోపం లేదు,
నాకే కొంచెం సిగ్గేసేది."
కాడ తెగకుండా
భార్య పాత మేజోడుతో ఊయల కట్టాడట.
మంగళవారం జడివానలో
గొడుగు పట్టుకుని నిలబడ్డాడట.
గొడుగు పండుకి. వాన వేళ్లకి.

స్లావ్కా పకపకా నవ్వింది.
ఆవిడ పెంచేవి రేగుపళ్లంత టమాటాలు.
ఏ పోటీకీ తేదు,
గౌను జేబులో పోసుకుని తిరుగుతూ తింటుంది.
"పండు కాదు వెలిచ్కో, అది నీళ్లకుండ.
కొండంత పెంచావు సరే,
ఉప్పుకల్లంత రుచి చూపించు!"
అతను బదులు చెప్పలేదు.
ఏం చెబుతాడు?
తనూ ఎప్పుడూ తినలేదు.
గెలిచిన పళ్లన్నీ విత్తనాల కోసం
గిన్నెల్లో పులిసిపోతాయి.
ఇన్నేళ్లుగా తూస్తున్నాను,
నేనైనా అడిగానా?

పళ్లెంలో పెట్టాను.
కిలో దాటింది, కిలోన్నర దాటింది,
రెండు దగ్గర ముల్లు ఊగుతూ ఉంది,
ఇంకా ఆగలేదు,
తడిబట్ట చింపిన చప్పుడు.
భుజం నుంచి మచ్చ దాకా
నిలువునా నోరు తెరిచింది.

పగిలిన పండుకి బహుమతి లేదు.
నియమం.
రాసింది నేనే.

వెలిచ్కో టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
జేబులోంచి మడతకత్తి తీసి
ప్యాంటుకి రెండువైపులా తుడిచి కోశాడు.
ఎవరో ఉప్పు తెచ్చారు,
ఎవరో గొర్రెపాల చీజ్.

భుజం ముక్క చప్పన,
మంగళవారం వాన అందులోనే ఉంది.
నడుము ముక్క మెత్తన,
తీపి వచ్చీ రానట్టు.
మధ్యలో తెల్లటి గట్టి గుండె, అది ఏ రుచీ లేనిది,
ఉమ్మేశాను.
మచ్చ పక్కన ముక్క పెట్టుకున్నానా,
దవడలు జివ్వుమన్నాయి.
పులుపు ముందొచ్చి
తీపి వెనకాల నిదానంగా నడిచొచ్చి,
మింగాక కూడా
టమాటా ఆకుల వాసన ముక్కులో ఉండిపోయింది.

నాలుగు పూలు ఒకటయ్యాయన్నారు గానీ
లోపల అవి
ఎవరి వంట వాళ్లే వండుకున్నట్టున్నాయి.

స్లావ్కా ఒక ముక్క తింది.
ఏమీ అనకుండా రెండోది తీసుకుంది.
మోచేతి దాకా కారిన రసం నాకేసి
జేబులోంచి తన చిన్నదొకటి కొరికి
కళ్లు మూసుకుని నమిలింది.
"నాదే బాగుంది" అంది.
కాసేపాగి,
"ఆ వాన పడకపోతే చెప్పలేం."

నేను స్కేలు పెట్టి అయిదో గడి గీశాను.
పెన్ను అక్కడే ఆగింది.
గ్రాముల్లో రాయడం తప్ప
నాకేం వచ్చు?

వెలిచ్కో గింజలు ఏరి
రుమాల్లో మూట కడుతున్నాడు.
స్లావ్కా చెయ్యి చాపింది.

"నాకూ నాలుగివ్వు.
గిల్లను మాత్రం."